బడిలో ఉన్న పిల్లల వివరాలు, ఇళ్ల వివరాలు ఎలా కాపాడాలి

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, రాయగడ, జయపురం, బరంపురం. ఒడిశా సరిహద్దులో తెలుగు ఇళ్లున్న ఏ ఊళ్లోనైనా పిల్లల్ని బడిలో చేర్చడానికి వచ్చే తల్లి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో పుట్టిన సర్టిఫికెట్, ఆధార్, కులం సర్టిఫికెట్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు ఉంటాయి. అవన్నీ కలిపి తహసీల్దారు ఆఫీసులోనూ ఉండవు, బ్యాంకులోనూ ఉండవు. ఒకే చోట చేరేది బడిలోనే. పైగా "ఎందుకు?" అని అడగకుండా ఇచ్చేది కూడా బడికే. మాస్టారు అడిగారంటే ఇచ్చేస్తారు. ఆ నమ్మకం వల్లే మన బాధ్యత పెద్దది.

ఇక్కడ చెప్పేవి హెడ్మాస్టార్లకు, క్లాస్ టీచర్లకు, క్లర్కులకు, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో ఉన్న తల్లిదండ్రులకు. ఖర్చు పెద్దగా లేదు. రెండు తాళాలు, కొన్ని కవర్లు, కొన్ని అలవాట్లు చాలు.

చట్టం సంగతి ముందే రెండు మాటల్లో చెప్పేస్తాను. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పిచ్చింది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు ఆ నియమాలు వచ్చిన 18 నెలలకు అమల్లోకి వస్తాయి. ఆ చట్టం దృష్టిలో 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు వాడాలంటే సాధారణంగా తల్లిదండ్రుల అంగీకారం కావాలి. ఈలోగా గడువు ఉంది కదా అని ఆగకండి. పిల్లల ఆధార్ ఫొటో ఈ రోజే ఎవరి ఫోనులోకో వెళ్లిపోవచ్చు.

1. ముందు లెక్క తీయండి

ఒక శనివారం మధ్యాహ్నం కూర్చుని నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయండి. ఏ వివరం, ఎక్కడ ఉంది, ఎవరు తెరవగలరు, ఎందుకు ఉంచాం. అడ్మిషన్ రిజిస్టరు, టీసీ పుస్తకం, స్కాలర్‌షిప్ ఫైళ్లు, ఆరోగ్య కార్డులు, కంప్యూటరు, పెన్‌డ్రైవులు అన్నీ రాయండి.

బీరువా అయ్యాక టీచర్ల ఫోన్ల దగ్గరికి రండి. ఎక్కువ ఉండేవి అక్కడే. బడుల వివరాలు ఉంచే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో ఒక్కో విద్యార్థి పేరున వివరాలు ఎక్కించడం 2022-23 నుంచి మొదలైంది. అప్పట్నుంచి ఆధార్ ఫొటోలు, పాస్‌బుక్కు ఫొటోలు టీచర్ల గ్యాలరీల్లో పేరుకుపోతున్నాయి. ఆ ఫోను ఇంట్లో పిల్లలు ఆడుకోవడానికి తీసుకుంటారు, పాడైతే రిపేరు షాపులో నాలుగు రోజులు ఉంటుంది, కొత్తది కొంటే పాతది అమ్మేస్తారు. బదిలీ మీద వెళ్లిపోయిన టీచర్ ఫోనులో కూడా ఉంటాయి, ఆయన్నీ అడగండి.

"ఎందుకు" అన్న గడి ఖాళీగా మిగిలిన ప్రతి వివరాన్నీ ఈ ఏడాది నుంచి అడగడం మానేయండి.

2. తక్కువ అడగండి

మన దగ్గర లేనిది మన దగ్గర్నుంచి పోదు. ఫారం పాతదైతే అందులో అక్కరలేని ప్రశ్నలు చాలా ఉంటాయి. తండ్రి ఎక్కడ పనిచేస్తున్నాడు, నెల జీతం ఎంత, ఇంట్లో ఎంతమంది, సొంత ఇల్లా అద్దెయిల్లా. స్కాలర్‌షిప్‌కి ఆదాయం సర్టిఫికెట్ కావాలంటే అప్పుడు అడుగుదాం, చేరే రోజున కాదు.

ఆధార్ గురించి మా వైపు ఇప్పటికీ టెన్షన్ పడుతూ వచ్చే తల్లులు ఉన్నారు. కార్డు లేదు, బడిలో చేర్చుకోరేమో అని భయం. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదు. విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు రుజువు లేదని కూడా పిల్లల్ని వెనక్కి పంపకూడదు. ఈ రెండు మాటలూ అడ్మిషన్ల రోజుల్లో గోడకి తెలుగులో, ఒడియాలో అంటించి పెట్టండి.

ఆధార్ కాపీ నిజంగా కావాల్సిన చోట మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి. ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ వెబ్‌సైట్ నుంచి దించుకునే ఆ కాపీలో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. నంబరు మొత్తం ఎక్కించాల్సి వస్తే కార్డు చూసి ఎక్కించి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి. ఆధార్ నంబర్లతో ఉన్న జాబితాని నోటీసు బోర్డు మీద పెట్టడం ఆధార్ చట్టానికే విరుద్ధం.

సరిహద్దులో ఇంకో చిక్కు ఉంది. తెలుగువాళ్లకి ఇంటిపేరు ముందుంటుంది, ఒడియా కాగితాల్లో చివరికి వెళ్తుంది. వెంకటరావు ఒక కాగితంలో బెంకటరావు అవుతాడు. బడి రికార్డుకీ ఆధార్‌కీ పేరు కలవకపోతే పోర్టల్ ఒప్పుకోదు. అప్పుడు సరిచేయడానికని ఆ పిల్లాడి కాగితాలన్నీ క్లస్టర్ వాట్సాప్ గ్రూపులోకి, బ్లాక్ గ్రూపులోకి, నెట్ సెంటర్‌కీ తిరుగుతాయి. చేరే రోజునే పుట్టిన సర్టిఫికెట్ ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసి, తల్లికి చదివి వినిపించి రాస్తే ఈ తిరుగుడు చాలావరకు తప్పుతుంది.

కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులోని కొటియా వైపు బడుల్లో పనిచేసేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఆ 21 గ్రామాల మీద ఒడిశాకీ ఆంధ్రాకీ దశాబ్దాలుగా వివాదం. అక్కడి ఇళ్లలో రెండు రాష్ట్రాల కార్డులూ ఉంటాయి. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాలోని 14 గ్రామాలదీ తెలంగాణతో అదే పరిస్థితి. ఏ కుటుంబం దగ్గర ఏ రాష్ట్రం కార్డు ఉందన్నది రేషనుకీ, ఓటుకీ, పింఛనుకీ ముడిపడిన సంగతి. పిల్లాడి చదువుకి దానితో పని లేదు. అడగకండి, రాయకండి, తెలిసినా ఎక్కడా అనకండి.

3. అర్థమయ్యే భాషలో చెప్పి అప్పుడు సంతకం తీసుకోండి

అన్నిటికన్నా నాకు ముఖ్యంగా కనిపించేది ఇదే. ఫారం ఒడియాలో ఉంటుంది, తల్లికి తెలుగే వస్తుంది, చాలాసార్లు చదవడం కూడా రాదు. వేలు చూపించి "ఇక్కడ ముద్ర వెయ్యమ్మా" అంటే వేస్తుంది. అది అంగీకారం కాదు. కొత్త చట్టం కూడా, వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసుని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న ఏ భాషలోనైనా చూసుకునే వీలు ఉండాలంటుంది. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. కాబట్టి ఒడిశాలో ఉన్న తల్లి తెలుగులో చెప్పమని అడిగితే అది గొంతెమ్మ కోరిక కాదు.

అపార్ ఐడీ కోసం ఫారం తీసుకుంటున్నారనుకోండి. ఈ మాత్రం చెబితే చాలు:

"అమ్మా, ఇది అపార్ నంబరు కోసం. మీ పాప చదువు వివరాలు, మార్కులు ఆ నంబరు కింద కంప్యూటర్లో ఉంచుతారు. దానికి పాప ఆధార్ వివరాలు వాడతారు. మీకు ఇష్టమైతేనే సంతకం పెట్టండి. పెట్టకపోయినా పాపని బడి మాన్పించం. పెట్టాక వద్దనిపిస్తే మళ్లీ వచ్చి చెప్పండి, వెనక్కి తీసుకోవచ్చు."

ఒక నిమిషం పడుతుంది. ఇంటికి తీసుకెళ్లి మాట్లాడుకుని రేపు తెస్తామంటే తీసుకెళ్లనివ్వండి.

మధ్యలో ఎవరు తర్జుమా చేస్తున్నారో చూసుకోండి. తెలుగు రాని టీచరు సాధారణంగా ఎనిమిదో క్లాసు పిల్లనో, పక్కింటావిడనో పిలుస్తారు. అలా చేస్తే తండ్రి అప్పులు, తల్లి జబ్బు, విడిపోయిన సంగతి ఆ పిల్ల నోటితోనే చెప్పించినట్టవుతుంది, లేదా సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. తెలుగు వచ్చిన టీచర్ని పక్క బడి నుంచి ఫోనులో కలపండి. గజపతి, రాయగడ కొండల్లో సవర, కుయి మాట్లాడే ఇళ్లకీ ఇదే పద్ధతి.

4. మూడు కాగితాలు ఒకే ఫైల్లో ఉంచకండి

ఏఈపీఎస్ ద్వారా, అంటే ఊళ్లో వేలిముద్ర మిషను మీద, డబ్బు తీయాలంటే ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. ఓటీపీ అడగదు. ఇప్పుడు మన స్కాలర్‌షిప్ ఫైలు తెరవండి. ఆధార్ జెరాక్స్ ఉంది. పాస్‌బుక్కు మొదటి పేజీ ఉంది. అంగీకార పత్రం మీద తల్లి వేలిముద్ర ఉంది. కాగితం మీది ముద్రల నుంచి నకిలీ వేలిముద్రలు తయారుచేసి ఖాతాలు ఖాళీ చేసిన కేసులు దేశంలో నమోదయ్యాయి.

అందుకని వేలిముద్ర ఉన్న కాగితాలు ఒక బీరువాలో, ఆధార్, బ్యాంకు కాపీలు ఇంకో దాంట్లో పెట్టండి. రెండిటికీ తాళాలు ఉండాలి, తాళంచెవులు హెడ్మాస్టారి దగ్గరే ఉండాలి. ఏ ఫైలు ఎవరు ఎప్పుడు తీశారో రాసే ఒక చిన్న పుస్తకం బీరువా మీదే ఉంచండి. జెరాక్స్‌ల మీద "ఫలానా స్కాలర్‌షిప్ కోసం మాత్రమే" అని, తేదీతో సహా అడ్డంగా రాయించండి. తల్లిదండ్రుల మీటింగులో ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్, అంటే వేలిముద్ర పనిచేయకుండా ఆపడం, ఎలా చేయాలో చూపించండి. డబ్బు తీసేటప్పుడు తెరిచి, తర్వాత మళ్లీ లాక్ చేసుకోవచ్చు. ఇది ఒక్కటి నేర్పినా ఆ ఇళ్లకి చాలా మేలు చేసినట్టు.

5. వాట్సాప్

బడి నుంచి బయటికి పోయే వివరాల్లో ఎక్కువ భాగం ఈ దారినే పోతాయి. దొంగతనం అక్కరలేదు, మనమే పంపేస్తాం.

క్లాసు గ్రూపులో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగు మార్చండి. అయినా గ్రూపులో ఉన్నవాళ్లందరికీ అందరి నంబర్లూ కనిపిస్తాయి. పదో క్లాసు ఆడపిల్లల ఇళ్లలో ఆ ఫోను చాలాసార్లు పిల్ల చేతిలోనే ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని రాత్రిళ్లు మెసేజులు పంపేవాళ్లు తయారవుతారు, ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారేమోనని పిల్ల చెప్పదు. దీనికి బ్రాడ్‌కాస్ట్ లిస్టు మంచిది. అందులో ఎవరి నంబరూ ఇంకొకరికి కనిపించదు. కాకపోతే బడి నంబరుని తల్లిదండ్రులు సేవ్ చేసుకుని ఉంటేనే మెసేజ్ చేరుతుంది, అందుకని చేరిన రోజునే వాళ్ల ఫోనులో సేవ్ చేయించండి.

గ్రూపులో పెట్టకూడనివి: ఆధార్, పాస్‌బుక్కు ఫొటోలు, పుట్టిన తేదీలున్న జాబితాలు, ఫీజు బాకీలు, మార్కుల పట్టిక, కులం వారీ స్కాలర్‌షిప్ జాబితా. ప్రైవేటు బడుల్లో విద్యాహక్కు చట్టం కింద 25 శాతం కోటాలో చేరిన పిల్లల పేర్లు అసలు పెట్టకూడదు. "కింది పిల్లల కాగితాలు ఇంకా రాలేదు" అని పేర్లు పెట్టే బదులు ఆ ఇళ్లకి విడివిడిగా ఫోను చేయండి. పనీ త్వరగా అవుతుంది.

కాగితం ఫొటో తీయక తప్పని చోట ఆ ఒక్కరి దగ్గర్నుంచే తెప్పించుకుని, పోర్టల్‌లో ఎక్కించిన వెంటనే చాట్‌లోంచీ గ్యాలరీలోంచీ తీసేయండి. వాట్సాప్‌లో మీడియా విజిబిలిటీ ఆపేస్తే ఫొటోలు గ్యాలరీలోకి రావు. గూగుల్ ఫొటోస్ బ్యాకప్ నడుస్తుంటే అక్కడ కూడా వెతికి తీసేయాలి. పైఅధికారులే గ్రూపులో పెట్టమని అడిగితే? మర్యాదగా, "సార్, పిల్లల ఆధార్ ఉంది, మీకు విడిగా పంపుతాను" అనండి. అభ్యంతరం చెప్పేవాళ్లు తక్కువే ఉంటారు.

ఇదంతా ఎందుకంటే, "మీ బాబుకి స్కాలర్‌షిప్ వచ్చింది" అని ఫోను చేసే మోసగాడికి కావలసింది పిల్లాడి పేరు, క్లాసు, తండ్రి పేరు, హెడ్మాస్టారి పేరు. ఈ నాలుగూ చెబితే ఏ తల్లైనా నమ్ముతుంది. తర్వాత ఓటీపీ అడిగినా చెబుతుంది, క్యూఆర్ కోడ్ పంపినా స్కాన్ చేస్తుంది. బడి ఎప్పుడూ ఓటీపీ ఫోనులో అడగదని ప్రతి మీటింగులో చెప్పండి. ఆ మాట నిలబడాలంటే మనం కూడా అడగకూడదు. ఓటీపీ అవసరమైతే తల్లినో తండ్రినో బడికి పిలిచి ఎదురుగానే చేయండి.

6. నెట్ సెంటర్‌లో

సిగ్నల్ లేని బడులు చాలా ఉన్నాయి కాబట్టి పోర్టల్ పని టౌనులో నెట్ సెంటర్‌లో చేయిస్తాం. యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చి వెళ్లిపోకండి. పక్కన కూర్చుని పాస్‌వర్డ్ మీరే కొట్టండి. బ్రౌజర్ "సేవ్ చేయమంటారా" అంటే వద్దనండి. లేచే ముందు లాగవుట్ అయ్యి, డౌన్‌లోడ్స్‌లో పడిన ఫైళ్లు తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. పాడైన ప్రింట్లు అక్కడి బుట్టలో వేయకుండా వెంట తెచ్చుకోండి.

7. ఆరోగ్య వివరాలు

కొరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి, అటు మహారాష్ట్రలో గడ్చిరోలి, ఇవన్నీ సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉన్న ప్రాంతాలు. 2023 జూలైలో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైనప్పట్నుంచి బడుల్లో కూడా రక్త పరీక్షలు జరుగుతున్నాయి. పరీక్ష చాలా అవసరం. కానీ ఫలితం క్లాసులో చదివి, కార్డులు వరసగా పంచితే ఏమవుతుందో మన ఊళ్లలో అందరికీ తెలుసు. ఆ జన్యువు ఒకరి నుంచే వచ్చి, జబ్బు లేని ఆడపిల్లకి కూడా "రక్తంలో దోషం" అని పేరు పడుతుంది. పదేళ్ల తర్వాత సంబంధాలు వచ్చినప్పుడు ఆ మాట మళ్లీ బయటికొస్తుంది.

కార్డుని కవర్లో పెట్టి, అంటించి, తల్లి చేతికే ఇవ్వండి. మాటల్లో చెప్పాల్సింది ఆరోగ్య సిబ్బంది, మనం కాదు. క్లాస్ టీచర్‌కీ పీఈటీకీ జబ్బు పేరు చెప్పక్కర్లేదు. "ఈ అమ్మాయి తరచూ నీళ్లు తాగాలి, ఎండలో పరిగెత్తించకండి, ఒళ్లు నొప్పులంటే వెంటనే నాకు చెప్పండి" అంటే పిల్లకి కావలసిన రక్షణ అందుతుంది. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో మందుల జాబితా గోడకి అంటించే అలవాటు ఉంటే ఈ రోజే తీసేయండి.

హెచ్‌ఐవీ విషయంలో 2017 చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. పిల్లాడికి గానీ ఇంట్లోవాళ్లకి గానీ ఉందన్న సంగతి అనుమతి లేకుండా బయటపెట్టకూడదు, దాని వల్ల బడిలో వేరుగా చూడకూడదు.

8. ఎవరైనా వచ్చి అడిగితే

ఏప్రిల్, మే నెలల్లో ఆంధ్రా వైపు జూనియర్ కాలేజీల పీఆర్వోలు, అంటే ప్రచారానికి తిరిగేవాళ్లు, వస్తారు. పదో క్లాసు పిల్లల పేర్లు, ఫోను నంబర్లు కావాలంటారు. కొందరు డబ్బు కూడా ఇస్తామంటారు. ఇవ్వకండి. వాళ్ల కరపత్రం నోటీసు బోర్డు మీద పెట్టండి, కావాల్సినవాళ్లు వాళ్లకే ఫోను చేసుకుంటారు. సంస్థలకీ, నాయకులకీ, విలేకరులకీ ఒకటే పద్ధతి. ఎంతమంది అంటే సంఖ్య చెప్పండి, ఎవరెవరు అంటే చెప్పకండి.

విడిపోయిన భార్యాభర్తల్లో ఒకరు వచ్చి పిల్లల కొత్త చిరునామా అడిగితే అక్కడికక్కడ చెప్పకండి. రాసివ్వమని, పిల్లల్ని చూసుకుంటున్న వాళ్లతో మాట్లాడి చెబుతామని అనండి. భయపడి పారిపోయి వచ్చిన తల్లులు ఉంటారు.

పోలీసులు అడిగితే సహకరించాలి, కాకపోతే కాగితం మీద అడగమనండి, ఏం ఇచ్చారో రాసుకోండి. గోప్యత పేరుతో మౌనంగా ఉండకూడని చోటు ఒకటుంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోను చేయవచ్చు. పోలీసులకి, 1098కి తప్ప ఇంకెవరికీ ఆ పిల్ల పేరు గానీ, ఊరు గానీ, బడి పేరు గానీ తెలియనివ్వకూడదు. స్టాఫ్ రూములో కూడా ఆ మాట రాకూడదు. బాధిత పిల్లల వివరాలు ప్రచారం చేస్తే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా పడవచ్చు.

9. పొరపాటున బయటికి పోతే

ఫైలు తప్పు గ్రూపులో పడింది, లేదా బడి ఫోను పోయింది. దాచకండి. ముందుగా "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" నొక్కండి, పాస్‌వర్డులు మార్చండి, ఫోను పోతే సిమ్ ఆపించండి. అదే రోజు ఆ కుటుంబాలకి వాళ్ల భాషలో, వీలైతే ఇంటికెళ్లి చెప్పండి. ఏం పోయింది, ఇప్పుడు ఏం చేయాలి, బయోమెట్రిక్ లాక్ ఎలా చేయాలి. డబ్బు పోయిందంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయించండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. కొత్త నియమాలు పూర్తిగా అమల్లోకి వచ్చాక డేటా రక్షణ బోర్డుకి ఆలస్యం లేకుండా తెలపాలి, పూర్తి వివరాలు 72 గంటల్లో ఇవ్వాలి. జరిగింది, చేసింది తేదీలతో రాసి పెట్టే అలవాటు ఇప్పుడే చేసుకోండి.

10. పాత కాగితాలు

సంతలో పకోడీ పొట్లం విప్పితే ఎవరిదో ఆదాయం సర్టిఫికెట్ జెరాక్స్ కనిపించడం ఇంకా జరుగుతోంది. పాత ఫారాలు తూకానికి అమ్మితే అలాగే అవుతుంది.

అడ్మిషన్ రిజిస్టరు, టీసీ కౌంటర్‌ఫాయిళ్లు ఎప్పటికీ పారేయకూడదు. తాతలనాటి బడి రిజిస్టర్లో ఉన్న ఒక్క నమోదు మీద కులం సర్టిఫికెట్ నిలబడిన కుటుంబాలు మహారాష్ట్రలో సిరొంచ, దెగ్లూర్ వైపు ఎన్నో ఉన్నాయి. చెదపట్టకుండా అట్ట వేసి, నేలకి ఎత్తుగా పెట్టండి, వానాకాలం ముందు ఒకసారి తీసి చూడండి. ఆ రిజిస్టర్ని ఫొటో తీసుకుంటామంటే తీయనివ్వకండి. కావాల్సిన కుటుంబానికి వాళ్ల నమోదు వరకే ధ్రువీకరించిన నకలు ఇవ్వండి.

మిగతావాటికి, అంటే పని అయిపోయిన స్కాలర్‌షిప్ జెరాక్స్‌లు, పాత అడ్మిషన్ ఫారాల అదనపు కాపీలు, వీటికి ఎన్నేళ్లు ఉంచాలో డిపార్ట్‌మెంట్ ఉత్తర్వు చూసుకుని, గడువు దాటాక కమిటీ మీటింగులో తీర్మానం రాయండి. తర్వాత వేసవి సెలవులకి ముందు ఒక రోజు హెడ్మాస్టారు, కమిటీ నుంచి ఒక తల్లి దగ్గరుండి చింపించి, బడి వెనక నీళ్ల తొట్టిలో ఒక రాత్రి నానబెట్టించండి. మర్నాడు అక్షరం కనిపించని గుజ్జుని గుంటలో వేసి, ఏ ఏ ఫైళ్లు తీసేశారో తీర్మానం కింద రాసి ఇద్దరూ సంతకం చేయండి.